ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టుల నిర్వహణ

ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టు అనగా రెండు లేదా అంతకంటే ఎక్కువ సంస్థలు ఒకే ప్రశ్నకు సమాధానం కనుగొనడానికి, ముందుగా వ్రాసుకున్న ఒప్పందం ప్రకారం, నిధులను, పరికరాలను, మనుషులను పంచుకొని చేసే పరిశోధన. సాధారణంగా ఇందులో ఒక విశ్వవిద్యాలయం, ఒక ప్రభుత్వ ప్రయోగశాల, ఒక ఆసుపత్రి ఉంటాయి. కొన్నింటిలో పరిశ్రమలు, విదేశీ విశ్వవిద్యాలయాలు కూడా పాల్గొంటాయి. ఇంజనీరింగు, ఇంధనం, ఆరోగ్యం అనే మూడు రంగాలలో ఇటువంటి ప్రాజెక్టులు ఎక్కువ. ఎందుకంటే ఈ రంగాలలో తేలవలసిన ప్రశ్నలు ఒక శాఖ పరిధిలో ఇమిడేవి కావు. ఒక గుండె స్టెంటుకు లోహశాస్త్రమూ కావాలి, హృద్రోగ వైద్యమూ కావాలి. జొన్న చొప్ప నుండి ఇంధనం తీయాలంటే రైతు, వృక్ష శాస్త్రజ్ఞుడు, రసాయన ఇంజనీరు ముగ్గురూ ఉండాలి.

ప్రాజెక్టు నిర్వహణ అనేది ప్రయోగం చేయడం కంటే వేరైన పని. డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుంది, అనుమతి ఎవరు తీసుకోవాలి, ఎవరి సంతకం చెల్లుతుంది, ఫలితం ఎవరిది, ప్రాజెక్టు ముగిసిన తరువాత యంత్రమూ సమాచారమూ ఎక్కడ ఉంటాయి అనే ప్రశ్నలు దీని పరిధిలోకి వస్తాయి. తెలుగు ప్రాంతాలలో జరిగిన కొన్ని ప్రాజెక్టులను పరిశీలిస్తే, వాటి మంచిచెడ్డలు ప్రయోగశాలలో కంటే సంస్థలు ఒకదానితో ఒకటి కలిసే అతుకుల వద్దనే ఎక్కువగా తేలాయని కనబడుతుంది.

తెలుగునాట నేపథ్యం

హైదరాబాదు సంస్థానంలో నిజాం ప్రభుత్వం 1944లో కేంద్ర ప్రయోగశాలలను స్థాపించింది. ఇవి 1956లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) క్రిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాలగా మారాయి. 1989 నుండి దీనిని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) అంటున్నారు. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇదే తరువాత జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) అయినది. ఈ రెండూ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పొరుగునే తార్నాక ప్రాంతంలో ఉన్నాయి.

వరంగల్లులో 1959లో రెండు ముఖ్యమైన కళాశాలలు వెలిశాయి. ఒకటి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల. దేశంలోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలలో ఇదే మొదటిది. 2002లో ఇది జాతీయ సాంకేతిక సంస్థ (ఎన్ఐటీ) అయింది. రెండవది కాకతీయ వైద్య కళాశాల. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది. ఇంజనీరింగు, వైద్యం, సామాన్య శాస్త్రాలు మూడూ ఒకే నగరంలో ఉన్నప్పటికీ, పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఉమ్మడి పరిశోధన దానంతటదే పుట్టదు. ఎవరో ఒకరు ఒక గడప దాటి మరొక గడపలోకి అడుగుపెట్టాలి. అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ హైదరాబాదులో ఉన్నది.

క్షిపణి పదార్థం, పోలియో పిల్లల కాలిపర్లు

నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) రాష్ట్ర చట్టం ద్వారా విశ్వవిద్యాలయ హోదా పొందిన ఆసుపత్రి. అక్కడి ఎముకల వైద్యుడొకరు ఒకసారి ఏ.పి.జె. అబ్దుల్ కలాం పనిచేస్తున్న రక్షణ ప్రయోగశాలకు వచ్చారు. అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి మిశ్రమ పదార్థాన్ని చేతిలోకి తీసుకొని చూసి, కలాంను తన ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ పోలియో సోకిన చిన్నపిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో సుమారు 300 గ్రాముల బరువున్న కాలిపర్లు తయారైనాయి. ఈ సంఘటనను కలాం తన ప్రసంగాలలో పలుమార్లు చెప్పారు.

ఇందులో నిర్వహణ పరంగా గమనించదగిన అంశం వేగం కాదు. ఆ మూడు వారాల పనికి ముందు ఒప్పందమేదీ అక్కరలేదు. కాని ఒక నమూనా తయారుచేయడం వేరు, వేలమంది పిల్లలకు వారి వారి కొలతలకు సరిపోయేలా, సంవత్సరాల తరబడి, విరిగితే బాగుచేసి ఇచ్చేలా తయారుచేయడం వేరు. రెండవ పనికి ఒక సంస్థ కావలసి వచ్చింది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఓ) చొరవతో 1993లో సొసైటీ ఫర్ బయోమెడికల్ టెక్నాలజీ ఏర్పడినది. ప్రయోగశాలలనూ ఆసుపత్రులనూ కలిపి, తక్కువ ధరలో వైద్య పరికరాలను తయారుచేయించడం దీని ఉద్దేశం. హృద్రోగ నిపుణుడు బి. సోమరాజుతో కలిసి కలాం రూపొందించిన కలాం-రాజు స్టెంటు కూడా 1990ల నాటి ఈ కలయిక నుండి వచ్చినదే. వీరిద్దరి పేర్లతోనే గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక టాబ్లెట్ కంప్యూటరు 2012లో వెలువడింది.

స్టెంటుకు ఇద్దరి పేర్లు కలిపి పెట్టడం చిన్న విషయంగా కనబడవచ్చు. ఉమ్మడి పరిశోధనలో ఇంజనీరుకూ వైద్యుడికీ సమాన ఘనత ఇవ్వడం అంత సులభంగా జరిగేది కాదు. వైద్య పత్రికలో వ్యాసం వస్తే ఇంజనీరు పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఇంజనీరింగు పత్రికలో వస్తే వైద్యుడి పేరుకు అదే గతి పడుతుంది. అందుచేతనే రచయితల పేర్ల వరుసను మొదటి సమావేశంలోనే వ్రాసిపెట్టుకోవడం మంచి అలవాటుగా పరిగణిస్తారు.

ఒప్పందాలు

పొత్తు సాధారణంగా అవగాహన ఒప్పందంతో మొదలవుతుంది. దీనినే ఎంఓయూ అంటారు. ఉపకులపతులు చేతులు కలిపిన ఫోటోలు పత్రికలలో వచ్చేది ఈ ఒప్పందానికే. నిజానికి ఇది ఉద్దేశాన్ని తెలిపే కాగితం మాత్రమే. దీనివల్ల చాలా సందర్భాలలో డబ్బు గాని బాధ్యత గాని చేతులు మారదు. అసలు పని చేసేది దాని తరువాత వ్రాసుకొనే ప్రాజెక్టు ఒప్పందం. ఎవరు ఏ పని ఏ తేదీకి ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమి చేయాలి, ఒక సంస్థ మధ్యలో తప్పుకుంటే దాని వాటా ఎవరికి పోతుంది అనే విషయాలు అందులో ఉండాలి.

ఐరోపా సమాఖ్య తన పరిశోధన కార్యక్రమాలలో పాల్గొనే సంస్థలు తమలో తాము కన్సార్టియం ఒప్పందం చేసుకోవాలని సాధారణంగా నియమం పెడుతుంది. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు ప్రతిసారీ మొదటినుండి బేరమాడుకోకుండా 2005లో లాంబర్ట్ నమూనా ఒప్పందాలు తయారైనాయి. భారతదేశంలో ప్రభుత్వ నిధులతో పుట్టిన మేధోసంపత్తి ఎవరికి చెందాలో నిర్ణయించేందుకు 2008లో రాజ్యసభలో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. అమెరికాలోని 1980 నాటి బై-డోల్ చట్టం దీనికి ఆదర్శం. విమర్శల నడుమ ఈ బిల్లు ముందుకు సాగలేదు, 2014లో ఉపసంహరించబడినది. ఫలితంగా ఈ విషయం ఇప్పటికీ నిధులిచ్చే సంస్థ షరతుల మీద, ఆయా విశ్వవిద్యాలయాల సొంత నియమాల మీద ఆధారపడి ఉన్నది. పొత్తులో నాలుగు సంస్థలుంటే నాలుగు రకాల నియమాలు ఉండవచ్చు. పేటెంటుకు దరఖాస్తు చేసే రోజున ఈ తేడాలు బయటపడితే అప్పటికే ఆలస్యమైనట్లు.

నిధులు, లెక్కలు

ప్రాజెక్టుకు ఒక ప్రధాన పరిశోధకుడు ఉంటారు. మిగిలినవారిని సహ పరిశోధకులు అంటారు. భారతదేశంలో నిధులు పరిశోధకుడి పేరు మీద మంజూరైనా, వచ్చేది సంస్థ ఖాతాకే. లెక్క చెప్పవలసినదీ సంస్థే. జీతాలు, పరికరాలు, రసాయనాల వంటి ఖర్చయ్యే వస్తువులు, ప్రయాణాలు, సంస్థకు చెందే ఓవర్‌హెడ్ అని పద్దులు వేరువేరుగా ఉంటాయి. ఒక పద్దులో మిగిలిన సొమ్మును అనుమతి లేకుండా మరొక పద్దుకు మళ్ళించడానికి సాధారణంగా వీలుండదు.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆ తరువాత ప్రతి సంస్థా నిధుల వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో సంస్థలకు ఇందుకోసం 12-ఏ నమూనా ఉన్నది. గ్రాంటు మీద వచ్చిన వడ్డీని కూడా చూపించి తిరిగి జమచేయాలి. తరువాతి విడత డబ్బు ఈ కాగితం మీద ఆధారపడి ఉంటుంది. ఒకే మంజూరు కింద మూడు సంస్థలు ఉండి, వాటిలో ఒకటి ధ్రువపత్రం ఆలస్యంగా పంపితే, మిగిలిన రెండింటి పని కూడా ఆగిపోయే ప్రమాదం ఉన్నది. ఆ ఆలస్యం భారం ముందుగా పడేది ఆచార్యుల మీద కాదు, ఫెలోషిప్పు మీద బ్రతికే పరిశోధక విద్యార్థి మీద. 2023 జనవరి 1 నుండి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు నిర్ణయించారు. ఆ సొమ్ము ఏ నెలలో చేతికి అందుతుందన్నది మాత్రం పై కాగితాలను బట్టి ఉంటుంది.

నిధులిచ్చే సంస్థలలో ముఖ్యమైనవి శాస్త్ర సాంకేతిక విభాగం, జీవ సాంకేతిక విభాగం, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), సీఎస్ఐఆర్. 2008 నాటి చట్టంతో ఏర్పడిన సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు స్థానంలో 2023 చట్టం ద్వారా అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. 2015 నవంబరులో ప్రారంభమైన ఇంప్రింట్ కార్యక్రమం ఐఐటీలను, భారత విజ్ఞాన సంస్థను కలిపి పది రంగాలను ఎంచుకుంది. ఆరోగ్య రక్షణ, ఇంధన భద్రత వాటిలో ఉన్నాయి.

విదేశీ భాగస్వామ్యంలో రెండు సంచుల పద్ధతి సామాన్యం. ప్రతి దేశం తన పరిశోధకులకు తానే ఖర్చు పెట్టుకుంటుంది. జపానుకు చెందిన సాట్రెప్స్ పథకంలో జపాను పరిశోధకుల ఖర్చును అక్కడి శాస్త్ర సాంకేతిక సంస్థ భరిస్తుంది, భాగస్వామ్య దేశానికి ఇచ్చే పరికరాలు, శిక్షణ వంటివి అంతర్జాతీయ సహకార సంస్థ అయిన జైకా చూసుకుంటుంది. 2008లో ప్రారంభమైన ఐఐటీ హైదరాబాదు 2010 నుండి 2015 వరకు ఈ పథకం కింద డిసానెట్ అనే ప్రాజెక్టును నడిపింది. భూకంపాలు, వాతావరణ విపత్తుల సమయంలో సమాచార వ్యవస్థ నిలబడేటట్లు చేయడం దీని లక్ష్యం. జపాను వైపు నుండి కెయో విశ్వవిద్యాలయం, మన వైపు నుండి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ), వాతావరణ శాఖ వంటి సంస్థలు పాల్గొన్నాయి. డబ్బు సరిహద్దు దాటదు కాబట్టి ఈ పద్ధతిలో లెక్కలు సులభం. కాని రెండు సంచులు ఒకే రోజున తెరుచుకోవు. ఒక వైపు మంజూరై మరొక వైపు కాకపోతే, ఒక దేశంలో మనుషులుండి పరికరాలు లేక, మరొక దేశంలో పరికరాలుండి మనుషులు లేక కాలం గడిచిపోతుంది.

ఇంధన రంగం: జీవ ఇంధన కన్సార్టియం

భారత్, అమెరికా ప్రభుత్వాలు సంయుక్త స్వచ్ఛ ఇంధన పరిశోధన కేంద్రం పేరుతో 2012లో మూడు కన్సార్టియంలను ఎంపిక చేశాయి. ఐదు సంవత్సరాలకు ఒక్కొక్క ప్రభుత్వం 2.5 కోట్ల డాలర్లు కేటాయించింది. పాల్గొనే సంస్థలు, పరిశ్రమలు తమ వాటాను కలపాలి. సౌరశక్తి కన్సార్టియానికి బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థ, భవనాలలో ఇంధన పొదుపు కన్సార్టియానికి అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయం, జీవ ఇంధన కన్సార్టియానికి హైదరాబాదులోని ఐఐసీటీ భారతదేశం తరఫున నాయకత్వం వహించాయి. భవనాల కన్సార్టియంలో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ భాగస్వామి.

జీవ ఇంధన కన్సార్టియానికి అమెరికా వైపు నాయకత్వం ఫ్లోరిడా విశ్వవిద్యాలయానిది. జొన్న, సజ్జ, వెదురు వంటి మొక్కల పీచు పదార్థం నుండి ఇంధనం తయారు చేయడం పరిశోధనాంశం. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ మెట్టపంటల మీద పనిచేసే సంస్థ కనుక పైరు వైపు దానిది, పీచును కరిగించి ఇంధనం చేసే వైపు ఐఐసీటీది. ఇక్కడ నిర్వాహకుడికి ఎదురయ్యే చిక్కు ఋతువులది. ప్రయోగశాలలో రసాయనిక చర్య గంటలలో ముగుస్తుంది. పొలంలో పంటకు నాలుగు నెలలు కావాలి. ఒక వానాకాలం తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఐదేళ్ళ ప్రాజెక్టు అంటే పైరు శాస్త్రజ్ఞుడికి ఐదు వానాకాలాలు మాత్రమే. మూడు నెలలకొకసారి ప్రగతి నివేదిక అడిగే పద్ధతి ప్రయోగశాలకు సరిపోతుంది గాని పొలానికి సరిపోదు.

ఆరోగ్య రంగం: ఖమ్మం జిల్లా టీకా ప్రాజెక్టు

ఉమ్మడి ఆరోగ్య పరిశోధన గురించి తెలుగు ప్రాంతంలో జరిగిన చర్చలలో ఖమ్మం జిల్లా ఉదంతం అతి ముఖ్యమైనది. ఇది విశ్వవిద్యాలయ ప్రాజెక్టు కాదు. అయినా అనేక సంస్థలు కలిసిన చోట బాధ్యత ఎలా జారిపోతుందో దీనికంటే స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు.

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 సంవత్సరాల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైనది. అమెరికాకు చెందిన పాత్ అనే లాభాపేక్ష లేని సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ నిధులు సమకూర్చగా, టీకాలను తయారీ సంస్థ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇటువంటి ప్రాజెక్టే నడిచింది. ఖమ్మంలో టీకా వేయించుకున్న వారిలో ఎందరో ఆదివాసీ బాలికలు, ప్రభుత్వ వసతిగృహాలలో ఉండి చదువుకుంటున్నవారు.

కొందరు బాలికల మరణాలు వెలుగులోకి వచ్చి, మహిళా ఆరోగ్య సంఘాలు వసతిగృహాలకు వెళ్ళి విచారించిన తరువాత 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపివేసినది. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు, వారిలో ఐదుగురు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. విచారణ సంఘం ఈ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని తేల్చింది. కాని అంగీకారం తీసుకున్న విధానంలోనూ, దుష్ప్రభావాలను నమోదుచేసే ఏర్పాటులోనూ లోపాలను ఎత్తిచూపింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదిక మరింత కఠినంగా ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసినది వసతిగృహాల వార్డెన్లు.

వార్డెన్ సంతకం ఎలా వచ్చిందో ఆలోచిస్తే ప్రాజెక్టు నిర్మాణంలోని లోపం తెలుస్తుంది. అడవి పల్లెలలో ఉన్న తల్లిదండ్రుల దగ్గరకు వెళ్ళి, వారి భాషలో విషయం చెప్పి, ఆలోచించుకునే సమయమిచ్చి, అప్పుడు సంతకం తీసుకోవడం ఖర్చుతోనూ కాలంతోనూ కూడిన పని. ఆ పని చేయవలసిన బాధ్యత భాగస్వాములలో ఎవరిదో గట్టిగా నిర్ణయం కాలేదు. బయటి సంస్థకు రాష్ట్ర ప్రభుత్వ సిబ్బంది ఉన్నారన్న ధైర్యం, రాష్ట్ర సిబ్బందికి ఢిల్లీ అనుమతి ఉన్నదన్న ధైర్యం. ఇక రెండవ లోపం పేరులో ఉన్నది. దీనిని ఔషధ ప్రయోగం అనకుండా ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. టీకాకు దేశంలో అప్పటికే అమ్మకపు అనుమతి ఉన్నదన్నది వారి వాదన. ఆ పేరు వల్ల ఔషధ ప్రయోగాలకు వర్తించే బీమా, పరిహారం, దుష్ప్రభావాల నివేదన వంటి రక్షణలు పక్కకు తప్పుకున్నాయి. పాల్గొన్న పిల్లలకు మాత్రం పేరు ఏదైనా సూది ఒక్కటే.

టీకా పనికిరానిదని ఈ ఉదంతం వల్ల తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు చేస్తున్నది. భారతదేశపు టీకాల సాంకేతిక సలహా బృందం సార్వత్రిక కార్యక్రమంలో దీనిని చేర్చవలసినదిగా సిఫారసు చేసినది 2022లో. నడుమ గడిచిన పుష్కరకాలంలో ఖమ్మం పేరు ఈ టీకా మీద జరిగిన ప్రతి చర్చలోనూ వినబడుతూ వచ్చింది.

ఐసీఎంఆర్ 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు అనేక కేంద్రాలలో జరిగే పరిశోధనలకు, పిల్లల సమ్మతికి, గిరిజన సమాజాలతో సంప్రదింపులకు ప్రత్యేక సూచనలు ఇచ్చాయి. తల్లిదండ్రుల అంగీకారంతో పాటు, ఏడేళ్ళు దాటిన పిల్లల సమ్మతిని కూడా తీసుకోవాలి. విదేశీ భాగస్వామ్యం ఉన్న ఆరోగ్య పరిశోధనలు ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలక సంఘం ముందుకు వెళ్ళాలి. 2019లో కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నియమావళి అమలులోకి వచ్చింది.

పదిలపరచిన రికార్డులు: హైదరాబాదు పోషకాహార అధ్యయనం

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా తెలుగు ప్రాంతంలోనే ఉన్నది. 1987 నుండి 1990 వరకు ఎన్ఐఎన్ హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో ఒక అధ్యయనం జరిపింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) దశలవారీగా అమలవుతున్న రోజులవి. పథకం అందిన 15 గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అనుబంధ ఆహారం లభించింది. ఇంకా అందని 14 గ్రామాలను పోలిక కోసం తీసుకున్నారు. పుట్టిన బిడ్డ బరువు మీద ఆహారం ప్రభావం తెలుసుకోవడం నాటి ఉద్దేశం.

అధ్యయనం అక్కడితో ముగిసి ఉండేది. కాని కాగితాలు నిలిచాయి. లండన్ హైజీన్, ట్రాపికల్ మెడిసిన్ పాఠశాల, బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వంటి భాగస్వాములతో కలిసి 2003-2005 మధ్య అవే గ్రామాలకు తిరిగివెళ్ళారు. అప్పటి శిశువులకు ఇప్పుడు 13 నుండి 18 ఏళ్ళు. 1,165 మందిని పరీక్షించగా, అనుబంధ ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఉన్నారు. వారి రక్తనాళాల బిరుసుదనం, ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉన్నట్లు కూడా కనబడింది. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. తరువాతి విడతలలో వారి తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చారు. దీనిని ఆంధ్రప్రదేశ్ బాలల, తల్లిదండ్రుల అధ్యయనం అంటారు. గ్రామాలు ఇప్పుడు తెలంగాణలో ఉన్నా అధ్యయనం పేరు మారలేదు.

ఒక పూట ఆహారం పదిహేనేళ్ళ తరువాత రక్తనాళంలో కనబడుతుందా అన్న ప్రశ్నకు ఏ మూడేళ్ళ గ్రాంటు కూడా జవాబు చెప్పలేదు. స్థానికంగా ఒక శాశ్వత సంస్థ ఉండి, రికార్డులను కాపాడి, గ్రామాలతో సంబంధం తెంచుకోకుండా ఉండడం వల్ల ఇది సాధ్యమైంది. విదేశీ విశ్వవిద్యాలయాలు తెచ్చినది పరీక్షా పద్ధతులు, నిధులు. ఇంటి తలుపు తట్టగల పరిచయం మాత్రం ఇక్కడిదే.

మేడారం ప్రాంతంలో పరిశోధన

మేడారం పూర్వపు వరంగల్ జిల్లా, ప్రస్తుతం ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని గ్రామం. 2019లో ములుగు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క-సారలమ్మ జాతర వల్ల ఈ గ్రామం ప్రసిద్ధి చెందింది. 1996లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. కోయ పూజారులు నిర్వహించే ఈ నాలుగు రోజుల జాతరకు సుమారు కోటి మంది వస్తారని అంచనా. ఇంజనీరింగు, ఇంధనం, ఆరోగ్యం మూడూ ఒకేచోట కలిసే అవసరం ఇక్కడ సహజంగానే ఉన్నది. జంపన్నవాగులో స్నానాలు, త్రాగునీరు, పారిశుధ్యం, తాత్కాలిక విద్యుత్తు, జనసమ్మర్దం ఇవన్నీ కొన్ని రోజులలో ఏర్పడి కొన్ని రోజులలో మాయమయ్యే ఒక మహానగరపు సమస్యలు. 2013 ప్రయాగ కుంభమేళా మీద హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పలు విభాగాలు కలిసి ఇదే దృష్టితో అధ్యయనం చేశాయి.

మేడారం జాతర మీద ప్రాజెక్టు వేసేవారికి మొదటి చిక్కు పంచాంగం. 2022 ఫిబ్రవరి 16-19, 2024 ఫిబ్రవరి 21-24 తేదీలలో జాతర జరిగింది. మూడేళ్ళ ప్రాజెక్టుకు ఒకటి, మహా అయితే రెండు జాతరలు దక్కుతాయి. మంజూరు ఉత్తర్వు జనవరిలో రావలసినది మార్చిలో వస్తే ఒక జాతర చేజారిపోతుంది. నియమించుకున్న ఫెలోలు రెండవ సంవత్సరమంతా కొలవడానికి ఏమీ లేక ఎదురుచూడాలి.

రెండవది అనుమతులు. ఈ ప్రాంతం రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ, చుట్టూ ఏటూరునాగారం అభయారణ్యం. అభయారణ్యంలో శాస్త్ర పరిశోధనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి పత్రం అవసరం. మొక్కలు, సూక్ష్మజీవుల నమూనాలను విదేశీ భాగస్వామికి ఇవ్వాలంటే 2002 జీవవైవిధ్య చట్టం అడ్డువస్తుంది. కేంద్రం ఆమోదించిన ఉమ్మడి పరిశోధనలకు ఆ చట్టంలోని 5వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, అయితే ఆ ఆమోదం ముందుగా ఉండాలి. ఏటూరునాగారంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), గ్రామసభలు, పూజారులు వీరందరితో మాట్లాడవలసి ఉంటుంది. ఆరోగ్య సర్వే అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి అదనం. ఇక్కడి నుండి ఆగ్నేయంగా వెళితే భద్రాచలం వస్తుంది. ఏజెన్సీలో అంగీకార పత్రం పట్టుకొని వచ్చే పరిశోధకుడికి ఆ జ్ఞాపకం ఎదురుకావడం ఆశ్చర్యం కాదు.

2024లో ప్రకృతి రెండుసార్లు శాస్త్రవేత్తలను ఇక్కడికి రప్పించింది. ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం అడవిలో వీచిన పెనుగాలికి సుమారు 50,000 చెట్లు కూలినట్లు అటవీ శాఖ అంచనా వేసింది. కారణం తెలుసుకోవడానికి వాతావరణ శాఖ, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సహాయం కోరారు. డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాదులోనూ ప్రకంపనలు తెలిశాయి. గోదావరి లోయలో దీనికి ముందు నమోదైన పెద్ద భూకంపం 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలం భూకంపం, దాని తీవ్రత 5.7. రెండింటి మధ్య యాభై అయిదేళ్ళు. ఇంత అరుదుగా వచ్చే సంఘటనను గ్రాంటు వ్రాసి ఎదురుచూడలేము. ముందునుండే నడుస్తున్న భూకంప లేఖినులు, వాటిని రోజూ చూసే సిబ్బంది ఉంటేనే ఆ ఉదయపు కొలతలు దొరుకుతాయి. ప్రాజెక్టు గడువు ముగియగానే పరికరాల నిర్వహణ ఖర్చు ఆగిపోయే పద్ధతికి ఇది పెద్ద పరీక్ష.

ములుగులో సమ్మక్క-సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పాటుకు 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో హామీ ఉన్నది. 2023 డిసెంబరులో పార్లమెంటు ఇందుకు చట్టాన్ని సవరించింది. అంతకుముందు అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 889.07 కోట్ల రూపాయల వ్యయానికి ఆమోదం తెలిపింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం మార్గదర్శక సంస్థగా ఉండగా 2024లో తరగతులు మొదలైనాయి. మేడారం వెళ్ళే యాత్రికులు వరంగల్లు వైపు నుండి వచ్చేటప్పుడు ములుగు మీదుగానే వెళతారు. ఇంతవరకు ఈ ప్రాంతంపై జరిగే ప్రాజెక్టులలో ప్రధాన పరిశోధకుడి చిరునామా వరంగల్లో, హైదరాబాదో, అంతకంటే దూరమో ఉండేది. ఖాతా, ఎథిక్స్ కమిటీ, రికార్డుల గది జిల్లాలోనే ఉండే అవకాశం ఈ విశ్వవిద్యాలయంతో మొదటిసారి వచ్చింది.